సర్వీసు బిల్లుకు లెక్క చెప్పే నాథుడేడీ?

కారు సర్వీసుకు న్యాయమైన ధర ఎంత? ఎవరిని అడిగినా జవాబు రాదు. కంపెనీ వర్క్‌షాపులో అడిగితే కంప్యూటర్ వైపు చూపిస్తారు. వీధి చివర మెకానిక్‌ని అడిగితే "మీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా సార్" అంటాడు. తెలిసినవాళ్లను అడిగితే "నాకు తొమ్మిది వేలే అయింది, నీకు పద్నాలుగా? ఎక్కడో మోసపోయావు" అని తేల్చేస్తారు. ప్రభుత్వాన్ని అడుగుదామంటే ఏ ఆఫీసు గడప తొక్కాలో తెలియదు. లక్షలు పోసి కొన్న బండికి ఏటా వేలకు వేలు కడుతూ, ఆ డబ్బు దేనికి పోతోందో తెలియకుండానే బతికేస్తున్నాం. చిన్న విషయం కదా అని అందరూ వదిలేయబట్టే ఇది ఇంత పెద్దదయింది.

నా కడుపుమంట ధర ఎక్కువైందని కాదు. మంచి ఆయిల్‌కు ఖరీదు ఉంటుంది. పని తెలిసినవాడి కష్టానికి అంతకన్నా ఎక్కువ ఖరీదు ఉంటుంది. అవి ఇవ్వాల్సిందే. నా కోపమంతా లెక్క అడిగినప్పుడు ఎదురయ్యే నిర్లక్ష్యం మీద. డబ్బు కట్టేవాడికి జవాబు చెప్పనక్కర్లేదన్న ధీమా మీద.

మా పక్కింట్లో ఒక రిటైర్డ్ టీచరుగారు ఉంటారు. భర్త పోయాక ఆయన వాడిన చిన్న పెట్రోలు కారును తనే నడుపుకుంటున్నారు. గుడికి, బ్యాంకుకు, ఆసుపత్రికి తప్ప ఆ బండి పెద్దగా బయటికి రాదు. ఏడాదికోసారి కంపెనీ వర్క్‌షాపులో సర్వీసుకు ఇస్తారు. ఈసారి పొద్దున బండి తీసుకుంటూ ఎస్టిమేట్ 6,400 రూపాయలన్నారు. సాయంత్రం బిల్లు 12,870 చేతిలో పెట్టారు. ఆమె కంగారుపడి ఫోన్ చేస్తే వెళ్లాను.

కౌంటరు మీద బిల్లు పరిచి ఇద్దరం ఒక్కో పద్దూ చూశాం. అంతా ఇంగ్లిషే, అందులోనూ సగం పొట్టి అక్షరాలే. పొద్దున చెప్పినవన్నీ ఉన్నాయి: ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, లేబర్. వాటి కింద చెప్పనివి ఆరు. ఇంజిన్ ఫ్లష్ 650, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 750, ఇంజెక్టర్ క్లీనింగ్ 1,150, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్ 1,090, ఇంటీరియర్ ట్రీట్‌మెంట్ 1,450, కన్జూమబుల్స్ 393. మొత్తం 5,483. దానిమీద 18 శాతం జీఎస్టీ 987. కలిపితే 6,470. పొద్దున చెప్పిన మొత్తం కన్నా చెప్పనిదే ఎక్కువ.

"బాబూ, ఇవన్నీ నేను చేయించమన్నానా?" అని అడిగారామె.

"అందరికీ చేసేవే మేడమ్. సిస్టమ్‌లోనే వచ్చేస్తాయి."

"మరి పొద్దున చెప్పలేదేం?"

"ఫోన్ చేశాం మేడమ్, మీరు ఎత్తలేదు."

ఆమె ఫోన్ తీసి చూపించారు. ఆ వర్క్‌షాపు నుంచి ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. ఆ కుర్రాడు ఫోన్ వంక చూడనైనా చూడలేదు. "క్యాషా, కార్డా మేడమ్?" అన్నాడు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆమె. ఆవిడకు తన బిల్లు లెక్క చెప్పడానికి అక్కడ ఒక్కరికీ తీరిక లేదు.

నేను గట్టిగా అడిగేసరికి మేనేజరు వచ్చాడు. బిల్లు చూశాడు. "పోనీ, ఇంటీరియర్ తీసేస్తాం లెండి" అన్నాడు. ఒక్క మాటతో, పన్నుతో కలిపి 1,711 రూపాయలు మాయం. నాకు అసలు ఒళ్లు మండింది అప్పుడే. అడగ్గానే తీసేయగలిగిన పద్దు అంటే, మొదట్నుంచీ అక్కడ ఉండకూడనిదనే కదా! మరి అడగని వాళ్ల సంగతేమిటి? మా వెనక నిలబడి, గడియారం చూసుకుంటూ, కార్డు గీకి వెళ్లిపోయిన వాళ్ల సంగతేమిటి? వాళ్ల నోరు లేవలేదు కాబట్టి ఆ డబ్బు న్యాయంగా వచ్చిందనుకోవాలా?

ఇంటికొచ్చి ఆ కారు మాన్యువల్ తీశాం. గ్లవ్ బాక్సులో కవరు కూడా విప్పకుండా పడి ఉండే పుస్తకం అది. వెనక పేజీల్లో సర్వీసు షెడ్యూలు పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు, ఏది మార్చాలో, ఏది చూసి వదిలేయాలో కంపెనీయే అచ్చు వేసి ఇచ్చిన లెక్క. మన దగ్గర అమ్ముడయ్యే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి పది వేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్చమని ఉంటుంది. ఆ పట్టికలో ఇంజిన్ ఫ్లష్ లేదు. ఇంజెక్టర్ క్లీనింగ్ లేదు. ఇంటీరియర్ ట్రీట్‌మెంట్ ఊసే లేదు. థ్రాటిల్ బాడీలో మసి పట్టి, బండి ఐడ్లింగ్‌లో వణుకుతుంటే శుభ్రం చేయాల్సిందే. కాదనను. కానీ అది తేడా కనిపిస్తే చేసే పని. ఆమె కారులో తేడా ఉందని ఎవరు చూశారు? ఎవరు చూపించారు? కారు తయారుచేసిన కంపెనీ అక్కర్లేదన్న పనిని, అదే కంపెనీ బోర్డు పెట్టుకున్న వర్క్‌షాపు చేసి డబ్బు లాగుతుంటే, ఆ కంపెనీకి తెలియదా? తెలుసు. పట్టదు.

నిజానికి సర్వీసు బిల్లులో అర్థంకాని బ్రహ్మవిద్య ఏమీ లేదు. విడిభాగాలు, ఆయిళ్లు, కూలి, పన్ను. ఈ నాలుగే. ఒక్కోదానికీ ఒక్కో లెక్క ఉంది. ఆ లెక్క చూపిస్తే ధర న్యాయమో కాదో బడిపిల్లాడు కూడా చెప్పగలడు. చూపించకపోవడంలోనే ఉంది కిటుకంతా.

ఆయిల్ సంగతే చూడండి. చిన్న పెట్రోలు ఇంజిన్లలో చాలావాటికి ఫిల్టరుతో కలిపి మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. ఎంత పట్టేదీ మాన్యువల్లో పాయింట్లతో సహా ఉంటుంది. మీ బిల్లులో ఎంత వేశారో ఎప్పుడైనా పోల్చి చూశారా? పెద్ద వర్క్‌షాపుల్లో డబ్బాలు తెరవరు. బ్యారెల్ నుంచి పైపు గన్‌తో పోస్తారు. ఎంత పోశారో తెలిసేది పోసినవాడికే. మనం అద్దం అవతల కాఫీ కప్పుతో కూర్చుని ఉంటాం. లోపలికి వెళ్దామంటే కస్టమర్లకు ప్రవేశం లేదని బోర్డు. మూడు లీటర్లు పట్టే ఇంజిన్‌కు మూడున్నర రాస్తే కారుకు అర లీటరు. రోజుకు ముప్పై కార్లు చేసే చోట పదిహేను లీటర్లు. పెట్రోలు బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్ర తెప్పించి కొలవమనే హక్కు మనకుంది. ఫిల్టర్ పేపర్ అడగొచ్చు. డెన్సిటీ బోర్డు మీద రాసి ఉండాలి. నూరు రూపాయల పెట్రోలుకు ఇన్ని రక్షణలు పెట్టిన వ్యవస్థ, లీటరు ఐదారు వందలు పలికే ఇంజిన్ ఆయిల్‌ను మాత్రం తలుపు చాటున పోయనిచ్చింది. ఎవరూ అడగలేదు మరి.

విడిభాగాలకు వస్తే, ఒరిజినల్ పార్టు వచ్చే డబ్బా మీద పార్టు నంబరు ఉంటుంది, ఎమ్మార్పీ ఉంటుంది. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిమీద మళ్లీ జీఎస్టీ వేస్తే అది అక్రమం. చాలా విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్నుకు ముందు వెయ్యి రూపాయలుండే భాగం 1,280 నుంచి 1,180కి దిగాలి. మీ బిల్లులో దిగిందా? కొత్త భాగం వచ్చిన డబ్బా, తీసేసిన పాత భాగం చూపించమంటే "స్క్రాప్‌లో పడేశాం సార్" అంటారు. ఆ పాత భాగం మీ కారులోంచి తీసిన మీ వస్తువు. అడగకుండా పారేసే హక్కు వాళ్లకెవరిచ్చారు?

బ్రేక్ ప్యాడ్ల విషయంలో ఈ దాపరికం ఇంకా ఘోరం. "డెబ్బై శాతం అరిగిపోయాయి, మార్చకపోతే రిస్కు సార్" అంటారు. పిల్లలతో తిరిగే బండి. రిస్కు అన్నాక ఏ తండ్రి వద్దంటాడు? ప్యాడ్ మందం మిల్లీమీటర్లలో కొలుస్తారు. కొత్తది పది మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మూడుకు దగ్గరపడితే మార్చే వేళయినట్టు. చక్రం ఊడదీసినప్పుడు స్కేలు పెట్టి ఒక ఫొటో తీసి పంపడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం ఖర్చుపెట్టరు. భయపెట్టడం తేలిక, చూపించడం కష్టం. మన ప్రాణభయాన్ని అమ్మకపు సరుకు చేసుకున్నారు.

ఇక కూలి. ఏ పనికి ఎంత సమయం పడుతుందో కంపెనీల దగ్గర ముందే లెక్కలుంటాయి. గంటకు ఇంత అని రేటు ఉంటుంది. ఆ రెండూ గోడ మీద రాయడానికి ఏమిటి అభ్యంతరం? చాలా చిన్న కార్లలో ఏసీ ఫిల్టర్ గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది. మార్చడానికి కొన్ని నిమిషాలు చాలు. దానికి వేరే లేబర్ వేసినప్పుడు ఎందుకని అడిగితే మొహం చిట్లిస్తారు. తొలి ఏడాది "ఫ్రీ సర్వీసు" అని ఆశగా వెళ్లినవాళ్లకు బిల్లు చూశాకగానీ తెలియదు, ఉచితం కూలి ఒక్కటేనని, ఆయిల్‌కూ ఫిల్టర్‌కూ కట్టాల్సిందేనని. కారు అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పడానికి ఎవరి నోరు నొచ్చింది?

మరి బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో ఒకసారి తిరిగి చూడండి. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగిన పనివాళ్లు ఆ షెడ్లలో ఉన్నారు. చదువు మాని చిన్నప్పుడే స్పానరు పట్టినవాళ్లు, నలభై దాటేసరికి నడుములు పోయినవాళ్లు. వాళ్ల దగ్గర మనం చేసే పనేమిటి? ఎనిమిది వందల కూలి అడిగితే ఆరు వందలకు గీచి గీచి బేరమాడతాం. ఏసీ గదిలో ఎవరో రాసిన 1,090 మారుమాట లేకుండా కట్టి, ఎండలో బండి కింద పడుకున్నవాడి దగ్గర రెండు వందలు కోస్తాం. ఇది సిగ్గుచేటు. కూలి గిట్టనివాడు ఆ లోటును స్పేర్ పార్టుల్లో పూడ్చుకుంటాడు. షాపువాడిచ్చే కమీషన్ మీద బతుకుతాడు. బిల్లు ఉండదు. ఒరిజినల్ డబ్బాలో డూప్లికేట్ ఫిల్టర్ వచ్చినా అడగడానికి కాగితం ఉండదు. నిజాయతీగా చేసేవాడు కూడా చెప్పిన ధర సరైనదని చూపించుకునే దారిలేక, మోసగాళ్లతో కలిసి మాట పడుతున్నాడు.

ఈ పనివాళ్లను అలా చీకట్లో ఉంచింది ఎవరు? కార్ల కంపెనీలే. ఇది నా ఊహ కాదు, కాగితం మీద రుజువైన విషయం. షంషేర్ కటారియా అనే వినియోగదారుడి ఫిర్యాదు మీద విచారణ జరిపి, కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న పద్నాలుగు కార్ల కంపెనీల మీద దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలు విడిభాగాలను బయటి మార్కెట్లోకి రానివ్వడం లేదని, బండిలో లోపం పట్టుకునే పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని తప్పుపట్టింది. విడిభాగాల ధరలు, మెయింటెనెన్స్ ఖర్చులు జనానికి తెలిసేలా పెట్టమంది. బయట చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టకూడదంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, కోర్టుల చుట్టూ ఏళ్లు గడిచాయి. ఈ రోజుకీ ఏ షోరూముకు వెళ్లినా వినిపించే మొదటి బెదిరింపు ఏమిటి? "బయట చేయిస్తే వారంటీ పోతుంది సార్." పదేళ్లు దాటినా అదే మాట, అదే ధైర్యం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలతోపాటు ఆటోమొబైళ్లనూ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, పోర్టల్ కూడా ప్రారంభించారు. ఫొటోలు దిగారు. చట్టం మాత్రం రాలేదు. కంపెనీలు తమంతట తాము పెట్టిన సమాచారంతో సరిపెట్టుకోమన్నారు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే రోడ్డు మీద ఆపి జరిమానా వేసే ప్రభుత్వాలకు, వర్క్‌షాపులో రేట్ల బోర్డు ఉందా అని ఒక్కసారి తొంగిచూడాలని ఎందుకు తోచదు? జనం జేబుకు చిల్లు పడితే ఖజానాకు నష్టం లేదు. పైగా ప్రతి అనవసరపు పద్దు మీదా 18 శాతం వచ్చి పడుతుంది. అందుకేనా ఈ మౌనం?

కారున్నవాళ్లంతా డబ్బున్నవాళ్లే, పోతే పోయిందిలే అనుకునేవాళ్లు హైదరాబాద్‌లో ఒక్కసారి క్యాబ్ ఎక్కి డ్రైవర్‌ని అడగండి. రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే బండికి పది వేలు యాభై రోజుల్లో నిండుతాయి. ఏడాదికి ఏడు సర్వీసులు. ప్రతిసారీ చెప్పకుండా రెండు వేలు కలిపితే పద్నాలుగు వేలు. నెల నెలా ఈఎంఐ కట్టి, యాప్ కంపెనీకి కమీషన్ పోగా మిగిలిన దాంట్లోంచి పోయే డబ్బది. పిల్లల స్కూలు ఫీజు అది. ఆయనకు ఇంగ్లిషు బిల్లు అర్థం కాదు. బండి ఒక పూట ఆగితే ఆ పూట రాబడి లేదు కాబట్టి, నిలబడి వాదించే తీరికా లేదు. ఆ తొందర, ఆ నిస్సహాయత తెలిసే రాస్తారు ఆ పద్దులు.

మన తప్పూ తక్కువేం కాదు. వంకాయల దగ్గర పావు కిలోకి బేరమాడే మనం, పదమూడు వేల బిల్లు చదవకుండా సంతకం పెడతాం. అడిగితే తెలియనివాళ్లమనుకుంటారని బిడియం. పోనీలే, ఏడాదికోసారే కదా అన్న ఉదాసీనత. బండి ఇచ్చేటప్పుడు వర్క్‌షాపువాళ్లు పనులు రాసే జాబ్ కార్డు మీద పెట్టే సంతకం ఏ పనికి ఒప్పుకున్నట్టో కూడా చూడం. వాళ్ల నిర్లక్ష్యానికి మన "పోనీలే" అండగా నిలబడింది. అది లేకపోతే ఆ ఆరు పద్దుల్లో ఒక్కటీ బతకదు.

కోరేది గొంతెమ్మ కోరిక కాదు. ప్రతి వర్క్‌షాపులోనూ, కంపెనీదైనా వీధిలోదైనా, పనులవారీగా కూలి రేట్లు తెలుగులో గోడ మీద రాయాలి. ఎస్టిమేట్ దాటి ఒక్క రూపాయి పని చేయాలన్నా యజమాని నుంచి మెసేజి రూపంలో ఒప్పుదల తీసుకోవాలి. షెడ్యూల్లో ఉన్న పనులు, లేని పనులు బిల్లులో విడివిడిగా చూపించాలి. ఆయిల్ ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు, మాన్యువల్ ప్రకారం ఎంత పట్టాలి, ఈ మూడూ పక్కపక్కన ఉండాలి. తీసిన పాత భాగం బండితోపాటు తిరిగివ్వాలి. తూనికలు, కొలతల శాఖ పెట్రోలు బంకులకు వెళ్లినట్టే వర్క్‌షాపులకూ వెళ్లి ఆయిల్ గన్‌లను తనిఖీ చేయాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కోట్లు ఖర్చు కావు. కావాల్సింది మనసు. అదే కరవైంది.

అవి వచ్చేదాకా మనం ఊరుకోవద్దు. బండి ఇచ్చే ముందు మాన్యువల్లో ఆ పేజీ ఫొటో తీసుకోండి. "ఇందులో ఉన్నవే చేయండి, ఇంకేదైనా కావాలంటే నన్ను అడిగి చేయండి" అని జాబ్ కార్డు మీద మీ చేతితో రాసి సంతకం పెట్టండి. డబ్బాలు, పాత భాగాలు అడగండి. మెకానిక్ దగ్గర కూలి బేరం మానేసి, దానికి బదులు చిన్న కాగితమైనా సరే, బిల్లు అడగండి. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వాణిజ్య పద్ధతి. దారికి రాకపోతే 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల రూపాయల లోపు లావాదేవీలకు ఫిర్యాదు రుసుము లేదు.

ధర తక్కువా ఎక్కువా అన్నది తర్వాతి మాట. లెక్క చూపించగలిగితే పన్నెండు వేలైనా న్యాయమైన ధరే. చూపించనంటే పన్నెండు వందలైనా అది దోపిడీయే. ఈసారి కౌంటరు దగ్గర కార్డు బయటికి తీసే ముందు, ఒక్కో పద్దు మీదా వేలు పెట్టి ఇది దేనికి అని అడగండి. జవాబు వచ్చిన పద్దుకే డబ్బు కట్టండి.